అద్భుత, విజ్ఞాన కల్పనా నవలలు: పాఠకుల విమర్శ

ఒక నవలను చదివి ముగించినవాడు దానిని గూర్చి మఱియొకనితో ముచ్చటింపకుండ నుండలేడు. ఈ ముచ్చట సాహిత్యమంత ప్రాచీనమైనది. అయినను సాహిత్య చరిత్రకారులు దీనికి తమ గ్రంథములలో స్థానమిచ్చుట అరుదు. కవి యేమి వ్రాసెనో, వ్యాఖ్యాత దాని కేమి యర్థము చెప్పెనో, విమర్శకుడు ఏ తీర్పు నొసగెనో నమోదగుచు వచ్చినవి. చదివిన సామాన్యుడు ఏమనుకొనెనో యన్నది మాత్రము అరుగుమీదనే పుట్టి అరుగుమీదనే అణగిపోయినది. అందుచే ‘పాఠకాభిరుచి’ యను మాటను మనము తఱచుగా వాడుచున్నను, దానికి నిదర్శనముగా జూపదగిన సామగ్రి మనయొద్ద స్వల్పము.

ఈ లోపము లేని సాహిత్యశాఖ యొకటి కలదు. అది 20వ శతాబ్దమున ప్రధానముగా అమెరికాలోను, కొంతవఱకు ఇంగ్లండులోను పెరిగిన విజ్ఞాన కల్పన, దానికి తోబుట్టువైన అద్భుత కల్పన. ఈ నవలలను చదివినవారు తమ యభిప్రాయములను దశాబ్దములపాటు ఉత్తరములుగా వ్రాసిరి. ఆ ఉత్తరములు అచ్చుపడినవి. వానికి ప్రత్యుత్తరములును అచ్చుపడినవి. కావున పాఠకుడు ఏమి యడిగెను, ఏల యడిగెను, అతని ప్రశ్నవలన రచన యెట్లు మాఱెను అను విషయములను ఊహతో నిమిత్తము లేకుండ పరిశీలించుటకు ఇచ్చట వీలున్నది. పాఠకుల ముచ్చటను విమర్శగా పరిగణింపవచ్చునా? పరిగణించినచో దానికి ఏ విలువ కట్టవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

ఉత్తరముల శీర్షిక

1926 ఏప్రిలులో న్యూయార్కు నగరమున ‘అమెజింగ్ స్టోరీస్’ అను మాసపత్రిక వెలువడెను. కేవలము విజ్ఞాన కల్పనలకే కేటాయింపబడిన తొలి ఆంగ్ల పత్రిక యిది. దీని స్థాపకుడు హ్యూగో గెర్న్స్‌బాక్. ఇతడు 1884లో లక్సెంబర్గున జన్మించి, 1904లో అమెరికాకు వలస వచ్చి, రేడియో సామగ్రి వ్యాపారము చేయుచు, విద్యుచ్ఛాస్త్ర విషయక పత్రికలు నడపినవాడు. తొలి సంచికలో కొత్త రచయితలకంటె పాతవారే ప్రముఖులు: ఝూల్ వెర్న్, హెచ్. జి. వెల్స్, ఎడ్గార్ ఎలన్ పో. కథ వినోదము నొసగుచునే శాస్త్రమును బోధింపవలెనని గెర్న్స్‌బాక్ ఆశయము.

1927 ప్రారంభమున నీ పత్రికయందు ‘డిస్కషన్స్’ అను పేర పాఠకుల లేఖల శీర్షిక మొదలయ్యెను. శాస్త్రము బోధింపవలెనను సంకల్పము కలవాడు కావున, కథలలోని శాస్త్రమును పాఠకులు ప్రశ్నించుటకు సంపాదకుడు అవకాశ మిచ్చెను. ఇందొక చిన్న ఏర్పాటు పెద్ద ఫలితమునకు కారణమైనది. లేఖ క్రింద వ్రాసినవారి పేరుతోపాటు పూర్తి చిరునామాయు ముద్రింపబడెడిది. దానితో ఒక యూరి పాఠకుడు మఱియొక యూరి పాఠకునకు నేరుగా వ్రాయసాగెను. సంపాదకుని ప్రమేయము లేని సంభాషణ యొకటి ఆరంభమైనది. తమ యూరిలో ఇట్టి పుస్తకములు చదువువాడు తానొక్కడే యనుకొన్న యువకునకు, తనవంటివారు దేశమంతట నున్నారని తెలిసినది.

తరువాతి చరిత్ర వేగముగా సాగినది. 1929లో గెర్న్స్‌బాక్ ఆ పత్రికను పోగొట్టుకొని, మఱియొక పత్రికను స్థాపించి, అందును పాఠకుల లేఖలకు చోటు కల్పించెను. 1930 మే నెలలో ‘ది కామెట్’ అను పత్రికను పాఠకులే స్వయముగా వెలువరించిరి. ఇట్టి అభిమాన పత్రికలలో మొదటిదిగా దీనిని లెక్కింతురు. 1934లో గెర్న్స్‌బాక్ పత్రిక యాధ్వర్యమున ‘సైన్సు ఫిక్షన్ లీగ్’ ఏర్పడి ఊరూర శాఖలు తెఱచెను. 1937 జనవరిలో ఇంగ్లండునందలి లీడ్స్ నగరమున నొక పాఠకుల సమావేశము జరిగెను. అందు పాల్గొన్న యువకులలో ఆర్థర్ సి. క్లార్క్ ఒకడు. 1939 జూలైలో న్యూయార్కున తొలి ప్రపంచ సమ్మేళనము జరుగగా సుమారు 200 మంది హాజరైరి.

ఉత్తరములు వ్రాసినవారే కాలక్రమమున రచయితలైరి. ఐజాక్ అసిమోవ్ 1935 నుండియు ‘అస్టౌండింగ్’ పత్రికకు లేఖలు వ్రాసినవాడు. అతని తొలి కథ అచ్చయినది 1939 మార్చిలో. రే బ్రాడ్‌బరీ అదే సంవత్సరము సొంతముగా నొక అభిమాన పత్రికను వెలువరించెను. ఫ్రెడరిక్ పోల్, డేమన్ నైట్, జేమ్స్ బ్లిష్, జూడిత్ మెరిల్ మొదలగువారును ఈ పాఠక సంఘములనుండి వచ్చినవారే. అనగా నీ శాఖలో పాఠకుడు, విమర్శకుడు, రచయిత అను మూడు పదవులును ఒకే నిచ్చెన మెట్లవలె నుండినవి.

పాఠకు లడిగిన ప్రశ్నలు

ఈ లేఖలలో ‘బాగున్నది’, ‘బాగులేదు’ అనునట్టివే యధికమనుటలో సందేహము లేదు. కాని మిగిలిన భాగమును పరిశీలించినచో, పాఠకుల ప్రశ్నలు ప్రధానముగా నాలుగు తెఱగులుగా గనిపించుచున్నవి: సంభావ్యతను గూర్చినవి, ధర్మమును గూర్చినవి, అర్థమును గూర్చినవి, పాత్రౌచిత్యమును గూర్చినవి.

మొదటి తెఱగుకు హాల్ క్లెమెంట్ వ్రాసిన ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’ చక్కని యుదాహరణము. ఇది 1953లో ‘అస్టౌండింగ్’ పత్రికయందు ధారావాహికగా వెలువడెను. ఇందలి కల్పిత గ్రహము పేరు మెస్క్లిన్. ఆ గ్రహము తన చుట్టు తాను అత్యంత వేగముగా తిరుగుటచే దాని దినము మన లెక్కలో సుమారు 18 నిమిషములు మాత్రమే. భూమధ్యరేఖవంటి ప్రాంతమున బరువు భూమిమీది దానికి మూడు రెట్లు. ధ్రువములయొద్ద నది వందల రెట్లు. ధారావాహిక నడుచుచుండగనే క్లెమెంట్ అదే పత్రికలో నొక వ్యాసము వ్రాసి, తానా గ్రహమును ఎట్లు లెక్కగట్టి నిర్మించెనో వివరించెను. ఇట్టి రచన రచయితకును పాఠకునకును మధ్య జరుగు ఆటవంటిదనియు, లెక్కలో తప్పు పట్టుట పాఠకుని వంతనియు అతని భావము. పాఠకులా యాటకు సిద్ధపడిరి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందలి విద్యార్థులు తరువాత లెక్కించి, అంత వేగముగా తిరుగు గ్రహము మధ్యరేఖయొద్ద పదునైన అంచు కలిగియుండునని చూపిరి. రచయిత దానిని సంతోషముతో నంగీకరించెను.

లారీ నివెన్ వ్రాసిన ‘రింగ్‌వరల్డ్’ విషయమున నీ యాట మఱింత ముందునకు సాగినది. 1970లో వెలువడిన యీ నవలలో ఒక నక్షత్రము చుట్టును కంకణమువలె నిర్మింపబడిన మహాప్రపంచ మొకటి కలదు. తొలి ముద్రణలో కథానాయకుడు తన పుట్టినరోజును పొడిగించుకొనుటకై భూమిమీద ఒక పట్టణమునుండి మఱియొక పట్టణమునకు క్షణములలో బోవుచుండును. కాని రచయిత యతనిని పడమరకు బదులు తూర్పునకు నడిపించెను. పాఠకులు పట్టుకొనగా తరువాతి ముద్రణలలో నది సవరింపబడెను. ఇది చిన్న తప్పు. పెద్దది వేఱొకటి కలదు. నక్షత్రము చుట్టును తిరుగు గట్టి కంకణము స్థిరముగా నుండజాలదు. అది ఏ కొంచెము ప్రక్కకు జరిగినను ఆ జరుగుదల క్రమముగా పెరిగి, తుదకు కంకణము నక్షత్రమును తాకును. శనిగ్రహ వలయములను గూర్చి జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1859లో ప్రకటించిన పరిశోధనలో నీ సూత్రము నిరూపింపబడియే యున్నది. 1971లో బోస్టను నగరమున జరిగిన ప్రపంచ సమ్మేళనమున విద్యార్థులు ‘రింగ్‌వరల్డ్ అస్థిరము’ అని నడవలలో కేకలు వేయుచు దిరిగిరని నివెన్ స్వయముగా చెప్పుకొనెను. అతడు 1980లో ప్రకటించిన ‘ది రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్’ అను రెండవ నవలకు ఈ యాక్షేపణయే కథాబీజము. కంకణపు అంచున నమర్చిన యంత్రములు దానిని నిలబెట్టుచుండెననియు, అవి లోపించుటచే నా ప్రపంచమునకు ప్రమాదము సంభవించెననియు అతడు కల్పించెను. పాఠకుడు చూపిన దోషము కథకు ప్రాణమైనది. మన వ్యాఖ్యాతలు కవిసమయములను సమర్థించుటకు పడిన పాటు నెఱిగినవారికి ఈ సంఘటన విశేషముగా తోచును. ఇచ్చట సమర్థనభారమును వ్యాఖ్యాతకు విడువక రచయితయే తలకెత్తుకొనెను.

రెండవ తెఱగు ధర్మమును గూర్చినది. టామ్ గాడ్విన్ వ్రాసిన ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ అను కథ 1954 ఆగస్టులో వెలువడెను. ఇది నవల కాకపోయినను, ఈ శాఖలో నింత దీర్ఘముగా చర్చింపబడిన రచనలు కొలదిగా నున్నవి. దూరగ్రహమున రోగపీడితులైన కొందఱికి మందు కొనిపోవుచున్న చిన్న నౌకలో ఒక బాలిక తన యన్నను చూచు కోరికతో దాగికొనియుండును. నౌకలోని యింధనము ఒక్క మనిషి బరువునకే సరిపోవునట్లు కొలవబడినది. ఆమెను బయటికి పంపనిచో నౌక కూలును. మందునకై ఎదురుచూచువారును మరణింతురు. ప్రకృతి నియమమునకు దయాదాక్షిణ్యములు లేవని కథాసారము. రచయిత మొదట బాలికను రక్షించు ఉపాయములు వ్రాయగా, సంపాదకుడు జాన్ డబ్ల్యు. కాంప్‌బెల్ వానిని త్రిప్పిపంపి, ఆమె మరణింపక తప్పని ముగింపు వ్రాయించెనని ప్రసిద్ధి.

కొందఱు పాఠకులు నౌకలోని ఏ వస్తువును పాఱవేసి ఆమెను బ్రతికింపవచ్చునో లెక్కలు కట్టిరి. మఱికొందఱు ఇంకను లోతునకు దిగిరి. ప్రాణములు నిలుపవలసిన నౌకకు కొంచెమైన నదనపు ఇంధన మీయని దెవరు? ప్రవేశింపరాదను చిన్న పలకతో సరిపెట్టి, తలుపునకు తాళమైనను వేయని దెవరు? బాలికను చంపినది గణితమా, నిర్లక్ష్యమా? కథ దేనిని విధిగా చూపినదో దానిని పాఠకులు మనుష్యకృతముగా గుర్తించిరి. ఇది నేడు విశ్వవిద్యాలయ విమర్శకులును ఆ కథపై చేయు ప్రధానాక్షేపణ. విషాదమునకు హేతువు అనివార్యమై యుండవలెనా, అనివార్యమని నమ్మించిన చాలునా యను ప్రశ్న ఇందు గర్భితమై యున్నది.

మూడవ తెఱగునకు జె. ఆర్. ఆర్. టోల్కిన్ రచన లక్ష్యము. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటములుగా 1954-55 సంవత్సరములలో వెలువడెను. పండితులలో అభిప్రాయభేదము తీవ్రముగా నుండెను. కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్ దానిని ప్రశంసించెను. విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1956లో దానిని పిల్లల పుస్తకముగా తీసివేసెను. పాఠకుల ధోరణి వేఱు. ఆ యుంగరము అణ్వస్త్రమునకు సంకేతమా? ఆ యుద్ధము రెండవ ప్రపంచయుద్ధమేనా? యని వారు గ్రంథకర్తనే యడిగిరి. రెండవ ముద్రణకు వ్రాసిన పీఠికలో టోల్కిన్ దీనికి సమాధానము చెప్పెను. తన కథ సంకేతకథ కాదనియు, నిజమైన యుద్ధమే దానికి మూలమైనచో ఉంగరమును నాశనము చేయుటకు మాఱుగా శత్రువుపై ప్రయోగించి యుందురనియు అతని వాదము. అన్వయమును పాఠకుని స్వేచ్ఛకు విడుచుట యొకటి, సంకేతముచే గ్రంథకర్త పాఠకుని శాసించుట వేఱొకటి యని యతడు చేసిన విభాగము నేడు సాహిత్యశాస్త్ర చర్చలలో తఱచుగా ప్రస్తావింపబడుచున్నది. ఆ విభాగమును చేయుటకు అతనిని ప్రేరేపించినవారిలో పాఠకులదే ప్రముఖస్థానము.

మఱియొక ప్రశ్న ఇంతకంటె సూక్ష్మమైనది. కథాంతమున ఫ్రోడో ఉంగరమును అగ్నిలో వేయలేక, అది తనదేయని ప్రకటించును. అతడు వీరుడెట్లగును? అతనికి సన్మాన మేల? ఈ యాక్షేపణకు టోల్కిన్ తన లేఖలలో సమాధాన మొసగెను. ఆ క్షణమున ఫ్రోడో ఓడిపోయిన మాట నిజమే. కాని యంతకుముందు గొల్లముపై జూపిన కనికరమువలననే కార్యము నెఱవేఱెను. మానవశక్తికి మించిన పరీక్షలో ఓడినవానిని నిందింపరాదు. ఈ లేఖలు 1981లో గ్రంథరూపమున వెలువడిన పిమ్మట ఆ నవలపై వ్రాయు ప్రతి విమర్శకుడును వానిని ఆధారముగా గైకొనుచున్నాడు. మూలమున నవి పాఠకుల సందేహములకు వ్రాసిన జాబులు.

నాలుగవ తెఱగు పాత్రలను గూర్చినది. 1930 దశాబ్దపు చివర ‘అస్టౌండింగ్’ లేఖల శీర్షికలో స్త్రీపాత్రల విషయమున నొక వాదము చెలరేగెను. విజ్ఞాన కథలలో ప్రేమవృత్తాంతము లనవసరమని యువకుడైన అసిమోవ్ గట్టిగా వ్రాసెను. స్త్రీపాత్రలు నిర్జీవముగా నుండుటకు కారణము రచయితల అసమర్థత గాని స్త్రీలు గారని పాఠకురాండ్రు ప్రత్యుత్తర మిచ్చిరి. ఈ సాహిత్యమును స్త్రీలు చదువనే చదువరను అపోహకు ఆ లేఖలే సమాధానము. క్లేర్ విన్గర్ హారిస్ అను రచయిత్రి ‘అమెజింగ్ స్టోరీస్’ నిర్వహించిన పోటీలో బహుమతి పొందగా ఆమె కథ 1927లోనే అచ్చయినది.

సంభావనా విరహము

పై నాలుగింటిలో మొదటిది మన అలంకారశాస్త్రముతో నేరుగా సంబంధము కలది. నాట్యశాస్త్రమున అద్భుతరసమునకు స్థాయి విస్మయము. విమానము, మాయ, ఇంద్రజాలము మున్నగునవి దానికి విభావములుగా చెప్పబడినవి. కాని విమానమును వర్ణించినంతమాత్రమున విస్మయము కలుగదు. అభినవగుప్తుడు ‘అభినవభారతి’యందు రసప్రతీతికి ఏడు విఘ్నములను చెప్పుచు, మొదటిదిగా సంభావనా విరహమును పేర్కొనెను. ఇది జరుగవచ్చును అను నూహ కలుగని చోట సామాజికుని మనస్సు నిలువదు. నిలువని మనస్సున రసము పుట్టదు. దీనికి ఆయన చెప్పిన పరిహారము లోతైనది. లోకసామాన్యమైన విషయమందు హృదయసంవాదమే చాలును. అలోకసామాన్యమైన కార్యములందు మాత్రము రామాదుల వంటి ప్రఖ్యాత నాయకుల నాశ్రయింపవలెను. ఏలయన వారి ప్రసిద్ధివలన జనుల మనస్సులో విశ్వాసము ముందే పాదుకొనియున్నది. హనుమంతుడు సముద్రమును లంఘించునప్పుడు ఎంత దూరము, ఎంత వేగము అని మన శ్రోత లెక్కగట్టడు.

నివెన్ కంకణమునకు అట్టి ప్రఖ్యాతి లేదు. అది నిన్నటివఱకు ఎవరును వినని వస్తువు. దానియందు నమ్మకము నిలుపవలెనన్న రచయిత వేఱొక యాధారము చూపవలెను. ఆ యాధారము ప్రకృతి నియమము. విజ్ఞాన కల్పనలో భౌతికశాస్త్రము ఏ పని చేయుచున్నదో అభినవగుప్తుని దృష్టిలో రామనామము ఆ పనియే చేసినది. ఇట్లు చూచినచో, ‘కంకణము అస్థిరము’ అని కేకలు వేసిన విద్యార్థి రసమునకు దూరమైన శుష్కగణకుడుగా గానరాడు. అతడు తనకు కలిగిన రసవిఘ్నమును గణితభాషలో చెప్పినవాడు. ఆ నవలను ప్రేమింపనివాడు అంత శ్రమపడి లెక్క కట్టడు.

టోల్కిన్ మార్గము మఱియొకటి. అతనికి పురాణప్రసిద్ధియు లేదు, శాస్త్రాధారమును లేదు. అందుచే నతడు ప్రఖ్యాతినే కల్పించెను. భాషలు, లిపులు, వంశావళులు, సంవత్సర గణనములు, పటములు చేర్చి, ఆ కథకు వెనుక వేల యేండ్ల చరిత్ర కలదను భావమును కలిగించెను. 1939లో చేసిన యొక ఉపన్యాసమున, అద్భుతకథా ప్రపంచములో నున్నంతసేపు శ్రోత దానిని నమ్ముననియు, అనుమానము పుట్టిన క్షణమున ఆ మాయ తొలగుననియు అతడు చెప్పెను. అభినవగుప్తుని మొదటి విఘ్నమునకు ఇది సమీపమైన మాట. అతని పాఠకుల ఉత్తరములలో వంశములను, తేదీలను, భాషారూపములను గూర్చిన ప్రశ్న లధికముగా నుండుటకు హేతువు నిదియే. ఏ స్తంభముపై కప్పు నిలిచియున్నదో ఆ స్తంభమునే వారు తట్టి చూచిరి.

మన సాహిత్యమున పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ ఈ సందర్భమున స్మరింపదగినది. దాని యితివృత్తము కవి కల్పితము. అయినను సూరన దానిని ద్వారకయందు ప్రారంభించి, నారదుని, రంభను, నలకూబరుని ప్రవేశపెట్టి, కల్పితమునకు ప్రఖ్యాతుల హామీ నిప్పించెను. అంతతో నాగక, మొదట విచిత్రముగా తోచిన ప్రతి సంఘటనకును వెనుకకు పోయి కారణము చెప్పెను. ప్రఖ్యాతి, కార్యకారణము అను రెండు స్తంభములను కూడ నెత్తిన యీ రచనను నేటి పరిభాషలో చర్చించుటకు పైన చెప్పిన పాఠకుల ప్రశ్నలు మనకు తోడ్పడును.

పాఠకులు పెట్టిన పేర్లు

విమర్శకు పరిభాష ప్రాణము. ఈ శాఖలోని పారిభాషిక పదములలో పెక్కు పాఠకుల పత్రికలలో పుట్టినవే. అంతరిక్షమున జరుగు చౌకబారు సాహసకథను ‘స్పేస్ ఒపేరా’ యని 1941లో తన అభిమాన పత్రికయందు పేరు పెట్టినవాడు విల్సన్ టకర్. నాడది నిందావాచకము, తరువాతి కాలమున నది గౌరవమును పొంది, ఒక ఉపశాఖకు పేరైనది. ‘ఫాన్‌జీన్’ అను మాట 1940లో రస్ షోవెనే వాడినది. ఖడ్గవీరులు, మాంత్రికులు గల కథలను ఏమని పిలువవలెనని మైకేల్ మూర్‌కాక్ లేవదీసిన ప్రశ్నకు 1961లో ఫ్రిట్జ్ లీబర్ ‘స్వోర్డ్ అండ్ సార్సరీ’ యని బదులిచ్చెను. ఆ చర్చకును అభిమాన పత్రికలే వేదికలు.

గ్రంథరూప విమర్శయు ఈ మార్గముననే వచ్చినది. డేమన్ నైట్ రచించిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ వండర్’ 1956లోను, జేమ్స్ బ్లిష్ మాఱుపేరుతో వ్రాసిన సమీక్షల సంపుటి 1964లోను వెలువడినవి. విద్యాసంస్థలు దీనిని చేపట్టుట వీనితో పోల్చిన ఆలస్యముగనే జరిగినది. ‘ఎక్స్‌ట్రాపొలేషన్’ అను పరిశోధన పత్రిక 1959లోను, ‘సైన్సు ఫిక్షన్ స్టడీస్’ 1973లోను ఆరంభమైనవి. డార్కో సువిన్ తన ప్రసిద్ధ సిద్ధాంతమును 1970 దశాబ్దమున ప్రతిపాదించునాటికి, పాఠకులు ఏబది యేండ్లకు దగ్గరగా ఈ సాహిత్యమును చర్చించుచునే యుండిరి.

ఈ సామగ్రికి గల హద్దులు

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి పాఠకుల మాటయే ప్రమాణమని తీర్మానించుట తొందరపాటగును. పరిశోధకుడు మూడు విషయములలో జాగరూకుడై యుండవలెను.

మొదటిది: అచ్చుపడిన లేఖ సంపాదకుడు ఏర్చిన లేఖ. వచ్చినవాటిలో నేవి యచ్చుపడలేదో మనకు తెలియదు. సంపాదకుడు లేఖలతో ఆటలాడుటయు కలదు. 1948 నవంబరు సంచికలో నొక పాఠకుడు పరిహాసముగా, సరిగా ఏడాది తరువాత రాబోవు సంచికను చదివినట్లు నటించి, అందలి కథలపై తన యభిప్రాయములు వ్రాసెను. కాంప్‌బెల్ ఆ లేఖలోని రచయితలను ఆశ్రయించి, ఆ పేర్లతోనే కథలు వ్రాయించి, 1949 నవంబరు సంచికను వెలువరించెను. రాబర్ట్ హైన్‌లైన్ ‘గల్ఫ్’ అట్లు పుట్టినదే. పాఠకుని యభిప్రాయము ముందు, రచన తరువాత! ఇది వినోదకరమే గాని, లేఖల శీర్షిక పత్రికా వ్యాపారములో భాగమను సత్యమును గూడ గుర్తుచేయుచున్నది.

రెండవది: లెక్కింపు విమర్శ కాదు. కాంప్‌బెల్ 1938లో ప్రారంభించిన శీర్షిక యందు పాఠకు లొసగిన స్థానముల సగటునుబట్టి కథలకు వరుస నిర్ణయింపబడెడిది. 1953లో ఫిలడెల్ఫియా సమ్మేళనమున మొదలైన హ్యూగో పురస్కారములును సభ్యుల వోటులమీద ఆధారపడినవే. తొలి నవలా పురస్కారము ఆల్ఫ్రెడ్ బెస్టర్ ‘ది డిమాలిష్డ్ మాన్’ నవలకు లభించెను. ఈ సంఖ్యలు ఏది యెక్కువమందికి నచ్చెనో చెప్పును. ఏల నచ్చెనో చెప్పవు. కూటములుగా నేర్పడి వోటు వేయుటయు సాధ్యము. 2015లో అట్టి ప్రయత్నము జరుగగా, మిగిలిన సభ్యులు దానికి విరుద్ధముగా వోటుచేసి ఐదు విభాగములలో ఎవరికిని పురస్కారము లేకుండ జేసిరి. ఆ సంవత్సరమే నవలా పురస్కారము లియు త్సీషిన్ అను చైనా రచయిత నవలకు, కెన్ లియు చేసిన ఆంగ్లానువాదమునకు, దక్కెను.

మూడవది: పాఠక సంఘమునకును గోడలుండును. 1939 సమ్మేళనమునకు వచ్చిన ఒక యువక బృందములో కొందఱిని నిర్వాహకులు లోనికి రానీయలేదు. మాటాడినవారి మాటలను చదువునప్పుడు, మాటాడుటకు చోటు లేనివారిని గూడ పరిశోధకుడు మఱువరాదు. స్త్రీల లేఖలు అచ్చుపడినను, ‘పాఠకుడు’ అనగా యువకుడేయను భావన ఎంతకాలము నిలిచినదో గమనించిన ఈ సంగతి బోధపడును.

సహృదయుడు, అభిమాని

లోచనకారుడు సహృదయుని కావ్యానుశీలనాభ్యాసముచే మనస్సును నిర్మలమైన దర్పణము చేసికొన్నవానిగా వర్ణించెను. ఇచ్చట ప్రధానమైనది అభ్యాసము. సహృదయత జన్మచే గాని పదవిచే గాని సిద్ధించునది కాదు. చదువగా చదువగా వచ్చునది. పైన పేర్కొన్న ఉత్తమ పాఠకుల కట్టి యభ్యాసము కలదు. ఒక కథ చదువునప్పుడు వారికి అంతకుముందు చదివిన వంద కథలు జ్ఞాపకమున నుండెను. కొత్త రచనలో నేది పాతది, ఏది అపూర్వము అని వారు చెప్పగలిగిరి. ఈ జ్ఞానము ఆ కాలపు పండిత విమర్శకులలో చాలమందికి లేదు. ఆ శాఖను వారు చదువనేలేదు.

కాని అభిమానికిని సహృదయునకును భేదము లేకపోలేదు. అభిమాని తాను మెచ్చినదానిని సమర్థించుటకు కారణములు వెదకును. సహృదయుడు తాను మెచ్చినదానియందు తనకు విఘ్న మెచ్చట కలిగెనో గూడ చెప్పును. క్లెమెంట్, నివెన్, టోల్కిన్ పాఠకులలో మనము గౌరవింపదగినవారు ఈ రెండవ జాతివారు. వారి ప్రశ్న రచనపై ప్రేమతో బయలుదేఱి, రచనను పరీక్షకు నిలిపినది. పాఠకుని యభిప్రాయము విమర్శ యగునా యని మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధాన మిచ్చట లభించుచున్నది. కారణము చెప్పి, ప్రత్యుత్తరమునకు అవకాశ మిచ్చినప్పుడు అది విమర్శ యగును; లేనిచో నది యిష్టానిష్ట ప్రకటనముగా మిగులును.

తెలుగు పరిశోధనకు దీనివలన ప్రయోజన మేమి? అద్భుతమును గూర్చి ప్రశ్నించు శ్రోత మనకు కొత్తవాడు కాడు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’లో ప్రతి మజిలీయందును గోపకుమారుడు తాను చూచిన వింతను గూర్చి యడుగుటచేతనే మణిసిద్ధుడు కథ నారంభించును. ముద్రణ యుగమున ఆ శ్రోత వారపత్రికల పాఠకుడై ఉత్తరములు వ్రాసెను. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలపై జరిగిన చర్చ ఎంత విస్తృతమైనదో, రంగనాయకమ్మగారు దానిపై ప్రత్యేకముగా విమర్శగ్రంథమే వ్రాయుటనుబట్టి యూహింపవచ్చును. ఆ గ్రంథము దొరకును. అదే కాలమున సామాన్య పాఠకులు వ్రాసిన లేఖలను చూడవలెనన్న పాత వారపత్రికల సంచికలను వెదకవలెను. నవల పుస్తకరూపము దాల్చినప్పుడు లేఖల పుట దానివెంట రాదు. పత్రికల సంపుటములను బైండు చేయించునప్పుడు కథల పుటలను మాత్రము కోసి దాచుకొనుట మన యిండ్లలో పరిపాటి. మిగిలిన పుటలు పొట్లములకు పోయినవి.

కావున తెలుగు నవలపై పరిశోధించువారు ఏ ధారావాహికను తీసికొన్నను, అది వెలువడిన సంచికలను సమగ్రముగా చూచి, వాని లేఖల పుటలను గూడ సూచికలో చేర్చుట అవసరము. లేఖ యొక్క తేదీ, ఏ భాగముపై వ్రాయబడినది, సంపాదకుని సమాధానము, తరువాతి భాగములలో గాని పుస్తకరూపమున గాని రచయిత చేసిన మార్పు, ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన వ్రాసినచో నవల తయారైన విధానము తెలియును. ఈ పని గ్రంథాలయములలోని సంపుటములు శిథిలము కాకముందే జరుగవలసియున్నది. ఒక విభాగములోని విద్యార్థులు తలకొక పత్రికను, తలకొక దశాబ్దమును పంచుకొన్నచో నిది అసాధ్యమైన కార్యము కాదు.